అల్ ఖోర్ తీరపు శిరోవేషాలు

ఖతార్ ఈశాన్య తీరంలోని అల్ ఖోర్ రేవులోనూ దాని ఇరుగుపొరుగు ముత్యాల ఊళ్ళలోనూ, చమురు రాకముందు తలకూ ముఖానికీ ధరించిన వస్తువుల్లో చెప్పుకోదగ్గవి ఐదు. ఆడపిల్లలు వేసుకునే బుఖ్నుక్, పెళ్ళయిన స్త్రీలు కట్టుకునే బత్తూలా, మగవాళ్ళ గహ్ఫియా, గుత్రా, అగాల్. చివరి మూడూ నేటికీ రోజువారీ ఉడుపులే. బుఖ్నుక్ పండగ వేషమైంది. బత్తూలా పెద్దవయసు స్త్రీల ముఖాల మీదా, మ్యూజియం అద్దాల వెనకా మిగిలింది. నాటకాలకూ టీవీ సీరియళ్ళకూ వారసత్వ ఉత్సవాలకూ వీటిని పాత పద్ధతిలో మళ్ళీ కుట్టడం ఇప్పుడు ఒక ప్రత్యేకమైన పని. కత్తిరింపు చూస్తే అన్నీ తేలికైనవే, సాధారణ దర్జీ ఒక పూటలో నేర్చుకోగలడు. కష్టమంతా బట్టతోనే. సరైన బట్ట లేకపోతే ఎంత చక్కగా కుట్టినా పాతకాలం కనిపించదు. ఆ బట్టల చరిత్ర తవ్వుతూ పోతే అరేబియా సముద్రం దాటి సూరత్‌కూ, అటునుంచి చీరాలకూ చేరతాం.

ఊరు, ఎదురుగా దీవి

దోహాకు ఉత్తరంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, సముద్రం నేలలోకి పాయలా చొచ్చుకొచ్చిన చోట అల్ ఖోర్ ఉంది. ఇక్కడి పాత కుటుంబాల్లో ఎక్కువమంది అల్ ముహన్నదీ తెగవారు. ముత్యాల వేటే వాళ్ళ బతుకు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మగవాళ్ళంతా పడవల మీద ఉంటే, ఇల్లూ కుట్టూ అల్లికా ఆడవాళ్ళ చేతుల్లో నడిచేవి. 1930లలో ప్రపంచ మాంద్యం, జపాన్ పెంపుడు ముత్యాలు కలిసి ఆ వ్యాపారాన్ని కూల్చేశాయి. 1949 చివర చమురు ఎగుమతి మొదలైంది. తర్వాత ఉత్తరాన రాస్ లఫాన్ గ్యాస్ నగరం వెలిశాక అల్ ఖోర్ ఉద్యోగుల, కార్మికుల ఊరుగా మారింది. గల్ఫ్ దారి పట్టే జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప వాళ్ళకు ఇప్పుడు ఇది వినని పేరేమీ కాదు. సముద్రపు ఒడ్డున ఉన్న పాత పోలీసు స్టేషన్ భవనాన్నే తర్వాత ఊరి మ్యూజియంగా మార్చారు.

బట్టకు రంగు వేయడంలో ఈ ఊరి పేరు చాలా పాతది. రేవు పాయలో మడ అడవుల మధ్య బిన్ ఘన్నామ్ దీవి ఉంది. దాన్నే ఇప్పుడు పర్పుల్ ఐలాండ్ అంటున్నారు. ఫ్రెంచి పురావస్తు బృందం అక్కడ తవ్వినప్పుడు పగలగొట్టిన సముద్రపు నత్తగుల్లల గుట్ట బయటపడింది. లెక్క కడితే దాదాపు 30 లక్షల నత్తలని అంచనా. క్రీస్తుకు పూర్వం రెండో సహస్రాబ్దిలో, బాబిలోనియాను కస్సైట్లు ఏలుతున్న కాలంలో, ఇక్కడ ఊదారంగు తీసేవారు. నత్త ఒంట్లోని గ్రంథి నుంచి వచ్చే స్రావానికి మొదట రంగుండదు. గాలీ వెలుతురూ తగిలాక ఊదాగా మారుతుంది. ఒక్కో నత్త నుంచి వచ్చేది చుక్కే కాబట్టి ఆ రంగు రాజులకే దక్కేది. రసాయనంగా చూస్తే ఆ ఊదా, మన నీలిమందు దగ్గరి చుట్టాలు. నీలిమందు అణువుకు బ్రోమిన్ తోడైతే ఊదా అవుతుంది. దీవి మీద ఊదా పని ఆగిపోయిన ఎన్నో శతాబ్దాలకు ఇదే తీరపు స్త్రీలు ముఖానికి కట్టుకున్న బత్తూలాకు నీలిమందు అద్దిన భారతీయ నూలుబట్ట వచ్చింది. ఈ రెంటికీ మధ్య వారసత్వం ఏమీ లేదు, కానీ ఈ విషయం తెలిశాక బత్తూలా మెరుపును చూసే చూపు మారుతుంది.

బుఖ్నుక్

యూరప్ పిల్లల బానెట్‌కు గల్ఫ్‌లో దగ్గరగా వచ్చేది బుఖ్నుక్. పల్చటి నల్లబట్టతో కుట్టిన తలముసుగు ఇది. గడ్డం కింద కుట్టు పడుతుంది, ముఖం మాత్రం గుండ్రంగా బయటికి కనిపిస్తుంది. ముందుభాగం ఛాతీ దాటి కిందికి దిగుతుంది, వెనకభాగం దానికన్నా పొడుగు. ముఖం చుట్టూ, గడ్డం నుంచి కిందికి నిలువుగా జరీ పని ఉంటుంది. పెళ్ళి కాని పిల్లలు వేసుకునేది కాబట్టి ముఖం మూయదు. ఎండా దుమ్మూ జుట్టుకు తగలకుండా కాపాడుతుంది, ఆటలో జారిపోదు. కట్టుతాడు లేకుండానే తల మీద నిలిచే ఆ కుదురు కుట్టు చోటులోనే ఉంది.

ఇప్పుడు దీన్ని ఎక్కువగా చూసేది రంజాన్ నెల పద్నాలుగో రాత్రి, గరంగావ్ పండగనాడు. పిల్లలు సంచులు మెడకు తగిలించుకుని ఇంటింటికీ వెళ్ళి గింజలూ మిఠాయిలూ అడుగుతారు. ఆడపిల్లలు జరీ గౌను మీద బుఖ్నుక్, మగపిల్లలు తోబు అనే తెల్లటి పొడుగు అంగీ మీద కుట్టుపని చేసిన చిన్న కోటు, తలకు టోపీ. రంజాన్ దగ్గరపడుతుంటే ఖతార్ దుకాణాల్లో ఇవి కుప్పలుగా దొరుకుతాయి. దొరికే వాటిలో చాలావరకు మిషన్ ఎంబ్రాయిడరీ చేసిన పాలియెస్టర్ నెట్. పండగకు సరిపోతాయి గాని, 1930ల నాటి పిల్లను తెర మీద చూపించడానికి పనికిరావు. నెట్ గాలికి పైకి లేస్తుంది, పాతకాలపు పట్టు కిందికి జారుతుంది. కెమెరా ఈ తేడాను ముందే పట్టేస్తుంది.

పాత పద్ధతిలో కుట్టాలనుకుంటే మొదట మామూలు మల్లుగుడ్డతో ట్రయల్ కుట్టి చూడాలి. బట్టను సగానికి మడిస్తే మడత నడినెత్తి మీదికి వస్తుంది. ముందు అంచులను గడ్డం కింది నుంచి కలిపి కుట్టి, పైన ముఖానికి తెరపు వదలాలి. ఈ తెరపు కొలతలోనే అందరూ తడబడతారు. ముఖం చుట్టుకొలతే తీసుకుంటే తల దూరదు. తల దూరేంత వదిలితే నుదుటి మీంచి జారుతుంది. పాత ముసుగుల్లో తెరపు తల పట్టేంతే ఉంటుంది, జరీ బరువే దాన్ని చెంపల దగ్గరికి లాగి నిలబెడుతుంది. అందుకే జరీ లేని ట్రయల్ ఎప్పుడూ వదులుగానే అనిపిస్తుంది, దాన్ని చూసి కంగారుపడి తెరపు తగ్గించకూడదు. అంచున కాస్త బరువున్న పట్టీ తాత్కాలికంగా తగిలించి చూస్తే అసలు కూర్పు తెలుస్తుంది.

జరీ పని మన మగ్గం వర్క్ తెలిసినవాళ్ళకు కొత్త కాదు. బట్టను చెక్క చట్రానికి బిగించి, లోహపు తీగను బట్ట పైన పరిచి, సన్నదారంతో అక్కడక్కడా కట్టుకుంటూ పోవాలి. తీగను సూదితో బట్టలోంచి లాగితే పూత రాలిపోతుంది. పల్చటి నల్లబట్ట చట్రం మీద ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, తీశాక ముడుచుకుంటుంది. వెనక పల్చటి కాగితం పెట్టి కుట్టి, పని అయ్యాక కాగితాన్ని చింపేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. పాత జరీ అంటే పట్టుపోగు మీదో నూలుపోగు మీదో వెండిరేకు చుట్టి, దానికి బంగారుపూత పూసినది. భారతదేశంలో దీనికి పెద్ద కేంద్రం సూరత్. నేటి జరీ లోహపుపూత పూసిన ప్లాస్టిక్ పొర, దాని మెరుపు మరీ పచ్చగా ఉంటుంది. నాటకాలవాళ్ళు టీ డికాక్షన్‌తో దాన్ని మసకబార్చాలని చూస్తారు, కానీ ప్లాస్టిక్‌కు టీ రంగు పట్టదు. పాత పట్టుచీర అంచు దొరికితే దాని జరీ విప్పి వాడుకోవడమే మేలు.

బత్తూలా

ముఖాన్ని నుదురు నుంచి పైపెదవి దాకా కప్పే ముసుగు బత్తూలా. రెండు కళ్ళకూ రెండు కోతలు, ముక్కు మీద నిలువుగా ఒక చీలిక, అందులో సన్నటి కర్రపుల్ల. ఈ కర్రను సైఫ్ అంటారు. ముసుగు ముఖానికి అతుక్కోకుండా, ఊపిరి ఆడేలా చేసేది అదే. చివర్ల నుంచి వెళ్ళే తాళ్ళు తల వెనక ముడిపడతాయి. ఖతార్, బహ్రెయిన్, ఎమిరేట్స్, ఒమాన్ తీరాల్లోనూ, ఎదుటి ఒడ్డున ఇరాన్‌లోని బందర్ అబ్బాస్, ఖిష్మ్ దీవి ప్రాంతాల్లోనూ దీని రూపాలున్నాయి. ఊరిని బట్టి, మనిషిని బట్టి కంటికోత సన్నబడుతుంది, వెడల్పవుతుంది. స్త్రీలు ఇంట్లోనే అట్టముక్కతో నమూనా చేసుకుని కత్తిరించేవారు. చెయ్యి తిరిగినవాళ్ళు ఇరుగుపొరుగుకు కుట్టి అమ్మేవారు.

బయటివాళ్ళు దీన్ని తరచూ లోహంతోనో తోలుతోనో చేసిందని పొరపడతారు. నిజానికి అది నూలుబట్టే. నీలిమందులో మళ్ళీమళ్ళీ ముంచి, గంజిపెట్టి, నున్నగా రుద్దిన బట్ట. నలుపు దాటిన నీలం మీద కంచులాంటి మెరుపు తేలుతుంది. ఈ బట్ట భారతదేశం నుంచే వచ్చేది. చెమటకు రంగు వదిలి ముఖానికి అంటుకునేది. దాన్ని ఎవరూ లోపంగా చూడలేదు. చర్మానికి మంచిదని, ఎండ నుంచి కాపాడుతుందని చెప్పుకునేవారు.

పాత బత్తూలాను మళ్ళీ చేయడానికి బంగారురంగు రెక్సిన్ కొనడం తేలికదారి. నాటకాల్లో అదే కనిపిస్తుంది, వెయ్యి రూపాయల పెళ్ళి అలంకారంలా ఉంటుంది. సరైన దారిలో వెళ్ళాలంటే మందమైన, దగ్గరి నేత గల నూలుబట్టను నీలిమందులో కనీసం పదిసార్లయినా ముంచి, ప్రతి మునకకూ గాలికి ఆరబెట్టి, చివర పల్చటి గంజి పట్టించి, నున్నటి గులకరాయితోనో గాజుసీసా అడుగుతోనో ఒకే దిక్కుగా రుద్దాలి. రుద్దేకొద్దీ మెరుపు ఎర్రగా తిరుగుతుంది. ఆరబెట్టే తీరిక లేనివాళ్ళు రెండే మునకల్లో చిక్కటి రంగు తెప్పించాలని చూస్తారు. అప్పుడు రంగు పొడిపొడిగా పైనే నిలిచి, రుద్దగానే రాలిపోతుంది. కడప సీమలో నీలిమందు పండించిన రైతులకు, అద్దకం చేసినవాళ్ళకు ఈ ఓపిక మామూలు సంగతి. ఇప్పటి నటి ముఖానికి నీలం అంటకూడదనుకుంటే లోపలివైపు పల్చటి లైనింగ్ వేయాలి. అది వేస్తే సైఫ్ దగ్గర మందం పెరిగి ముసుగు బిరుసవుతుంది గనక, ముక్కుభాగం వదిలేసి చెంపల దగ్గర మాత్రమే వేయడం మంచిది.

మగవాళ్ళ తల

గహ్ఫియా నెత్తికి అతుక్కునే తెల్ల నూలుటోపీ. క్రోషియా అల్లికతో చేసినవీ, బట్టతో కుట్టి దారపు బొమ్మలు వేసినవీ ఉన్నాయి. గుత్రా జారకుండా పట్టడం దాని పని, చెమట పీల్చుకోవడం కూడా. బట్టతో కుట్టేటప్పుడు లెక్క తేలిక. తల చుట్టుకొలత 54 సెంటీమీటర్లయితే పైనుండే బిళ్ళ అడ్డుకొలత సుమారు 17 సెంటీమీటర్లు, కుట్టుకు చుట్టూ ఒక సెంటీమీటరు అదనం. చిల్లుల అల్లికను వెలుగుకు పట్టి చూస్తే కనిపించే ఆ నమూనానే ఖతార్ వాస్తుశిల్పి ఇబ్రహీం జైదా దోహాలోని అల్ థుమామా స్టేడియానికి తొడిగాడు. 2021 అక్టోబరు 22న అది తెరుచుకుంది. మరుసటి ఏడు నవంబరు 20న ప్రపంచకప్ మొదటి ఆట జరిగిన అల్ బయత్ స్టేడియం మాత్రం అల్ ఖోర్‌లోనే ఉంది, దాని ఆకారం ఎడారివాసుల గుడారం.

గుత్రా చదరపు బట్ట. మూలల మీదుగా మడిచి, మడత నుదుటి వైపు వచ్చేలా వేసుకుంటారు. ఈ రోజుల్లో గంజి పెట్టి ఇస్త్రీ చేసి, ముందుభాగాన్ని పడగలా నిలబెట్టడం ఖతార్ యువకుల సోకు, దాన్ని కోబ్రా అనే పిలుస్తారు. ముత్యాల కాలం కథ తీస్తూ నావికుడి తలకు ఈ కోబ్రా పెట్టడం తరచూ జరిగే తప్పు. పాత ఫొటోల్లో పడవ మనుషుల తలలకు మెత్తటి గుడ్డ వదులుగా చుట్టి ఉంటుంది. గుత్రా మీద పెట్టే అగాల్ మేకవెంట్రుకలతోనో ఉన్నితోనో చేసిన నల్లటి తాడుచుట్ట. ఖతార్ అగాల్ వెనక రెండు కుచ్చులు వేలాడుతుంటాయి, పక్కదేశాల వాటి నుంచి గుర్తుపట్టేది చాలావరకు దానితోనే.

తల కప్పే పనితనంలో ఖతారీలు అత్యంత శ్రద్ధ పెట్టేది బహుశా మనిషి తలకు కాదు, డేగ తలకు. వేటడేగ కళ్ళను మూసి శాంతపరిచే తోలుకుల్లాయిని బుర్ఖా అనే అంటారు. తోలుముక్కలను అంచుకు అంచు చేర్చి కుట్టి, చెక్క అచ్చు మీద తడితోలును రూపుకట్టి, వెనక రెండు పట్టీలు లాగితే మూసుకునేలా, ఎదురుగా లాగితే తెరుచుకునేలా చేస్తారు. మిల్లీమీటరు తేడా వచ్చినా పక్షి కంటికి తగులుతుంది. టోపీలు కుట్టేవాళ్ళు దోహా పాత బజారు పక్కనున్న డేగల సంతకు ఒకసారి వెళ్ళి వీటి లోపలి కుట్టు చూసి రావాలి.

చీరాల రుమాలు

అరబ్బు నావికుల తలగుడ్డల చరిత్రలో తెలుగువాళ్ళ వాటా తేలియా రుమాలు. చీరాలలో నేసి, అరేబియా తీరాలకూ ఏడెన్‌కూ తూర్పు ఆఫ్రికాకూ పంపేవారు. ఆసియా రుమాలు అని వర్తకులు పిలిచింది దీన్నే. ఎరుపు, నలుపు, తెలుపు గళ్ళు, చుట్టూ వెడల్పాటి ఒకే రంగు అంచు, దాదాపు చదరపు ఆకారం. పడుగుపోగులకూ పేకపోగులకూ ముందే కట్లు కట్టి అద్ది నేసే జంట ఇక్కత్ ఇది. మగ్గం మీద రెండువైపుల రంగులూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడాలి. మనదగ్గర జాలర్లూ రైతులూ కూడా దీన్ని తలకు చుట్టారు, నడుముకు కట్టారు.

దీని గొప్పంతా నేత కన్నా ముందే జరిగే నూలు తయారీలో ఉంది. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిదనీళ్ళలో నూనె కలిపి, నూలును అందులో నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి, ఇలా రోజుల తరబడి చేస్తారు. బూడిదక్షారంతో కలిసిన నూనె సబ్బులాగా మారి నూలులో ఇంకుతుంది, పటికా ఎర్రరంగూ అక్కడ గట్టిగా పట్టుకుంటాయి. టర్కీ ఎరుపు అని యూరప్ వాళ్ళు ఆశ్చర్యపోయిన అద్దకంలో కిటుకు ఇదే. పూర్వం ఎరుపు తీరపు ఇసుకనేలల చిరివేరు నుంచి వచ్చేది, తర్వాత కృత్రిమ రంగు అలిజరిన్ దాని చోటు తీసుకుంది. నలుపుకు ఇనుప రజను. నూనె పట్టిన బట్ట మెత్తగా ఉండేది, ఎండలో తలకు చల్లదనం ఇస్తుందని పేరు. నూనె వాసన ఎన్ని ఉతుకులకూ పూర్తిగా పోదు, కొన్నవాళ్ళకు అసలైన సరుకుకు గుర్తు కూడా అదే. ఆకాశవిమానాలూ గడియారాలూ బొమ్మలుగా నేసిన రుమాళ్ళు ఇరవయ్యో శతాబ్దం తొలిసగానివి. ఎగుమతి తగ్గాక చీరాలలో ఈ పని సన్నగిల్లింది. ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాక దాన్ని నిలబెట్టుకుని చీరలకూ దుపట్టాలకూ మళ్ళించింది. ఆ ఊరి నేతకారుడు గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు 2020లో దక్కింది.

పాత నావికుడి వేషం కట్టాలంటే ఈ రుమాలుకు సాటి వచ్చేది లేదు, కానీ ధర చూస్తే ఒక్క పాత్రకు ఒక్కటి కొనడమే గగనం. గుంపు దృశ్యాలకు అచ్చు వేసిన నకిలీ వాడక తప్పదు. నకిలీని పట్టిచ్చేది గళ్ళ అంచు. అచ్చులో గీత కోసినట్టు ఉంటుంది, జంట ఇక్కత్‌లో రంగు అంచున కొంచెం చెదిరినట్టు జరుగుతుంది.

ఎదురుగా వచ్చిన సరుకు

తలవేషాలు ఒకవైపే ప్రయాణించలేదు. పొడవాటి శంఖాకారపు కుల్లాయి పర్షియా నుంచి దక్కన్‌కు వచ్చి విజయనగర ఆస్థాన ఉడుపైంది. కొలువుకు రావాలంటే అది తల మీద ఉండాల్సిందే. తిరుమలలోని కృష్ణదేవరాయల లోహవిగ్రహం తల మీదా, 16వ శతాబ్దపు లేపాక్షి పైకప్పు చిత్రాల్లోని ఉద్యోగుల తలల మీదా దాన్ని చూడొచ్చు. రాయలు జరీబట్ట టోపీ పెట్టుకున్నట్టు పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్ రాశాడు. శ్రీనాథుడు కన్నడరాజు కొలువులో కుల్లాయి పెట్టుకోవాల్సి వచ్చిందన్న కథ తెలుగువాళ్ళందరికీ తెలుసు.  

ఇక మచిలీపట్నం కలంకారీ. 1605-06లలో అక్కడ అడుగుపెట్టిన డచ్చివాళ్ళు కోరమండల్ అద్దకపు బట్టలను ఓడలకెత్తారు. నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లండ్, హిండెలోపెన్ స్త్రీలు 18వ శతాబ్దంలో వాటితో చొక్కాలూ పసిపిల్లల టోపీలూ కుట్టుకున్నారు, ఎండటోపీలకు లోపలి అస్తరుగా వేసుకున్నారు. ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో, మళ్ళీ 1721లో ఈ బట్టల మీద నిషేధాలు పెట్టినా మోజు తగ్గలేదు. యూరప్‌లో పాత బానెట్లు మళ్ళీ కుట్టేవాళ్ళు సరైన పూలబట్ట కోసం ఇప్పటికీ పెడన, మచిలీపట్నాల వైపు చూడటానికి కారణం అదే.

నేటి అవసరం, నిల్వ

ఖతార్‌లో ఈ వేషాలకు గిరాకీ తెచ్చేవి గరంగావ్, డిసెంబరు 18 జాతీయ దినోత్సవం, 2011 నుంచి కతారా గ్రామంలో జరిగే సంప్రదాయ పడవల ఉత్సవం. కుట్టే చేతుల్లో ఎక్కువ భాగం భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ్ దర్జీలవి. కొలత చెప్పేది ఖతారీ బామ్మ, మిషన్ తొక్కేది మనవాడు. ఈ ఏర్పాటులో రెండుచోట్ల పని చెడుతుంది. ఒకటి, నమూనా ముసుగు చేతికివ్వకుండా ఫోనులో ఫొటో చూపించడం. ఫొటోలో బట్ట బరువు తెలియదు. రెండోది పండగ గడువు, చేతిజరీకి నెల పడితే దుకాణదారు ఇచ్చేది వారం.

కుట్టినవి దాచడంలోనూ తీరప్రాంతం ప్రత్యేకమే. అల్ ఖోర్ గాలిలో ఉప్పూ తేమా ఎక్కువ, వెండి జరీ ఆ గాలికి నల్లబడుతుంది. బుఖ్నుక్‌ను మడవకుండా, గంజిలేని ఉతికిన మల్లుగుడ్డలో చుట్టచుట్టి పెట్టాలి, ప్లాస్టిక్ సంచి వద్దు. బత్తూలాను ఉతకకూడదు. సైఫ్ కర్రను తీసి, ముసుగును రెండు అట్టల మధ్య బల్లపరుపుగా, జరీకీ తెల్లటి గుత్రాలకూ తగలకుండా వేరే పెట్టెలో ఉంచాలి. తేలియా రుమాలును తొలిసారి విడిగా, చన్నీళ్ళలో ఉతికి నీడన ఆరేస్తే చాలు.